ఆ ఇంటికి ఒకే తాళంచెవి

“ఎక్కడ దింపావు?”

“మిలీనా రేవులో.”

“అక్కణ్ణుంచి ఎటు పోయింది?”

“తెలీదు.”

“అడగలేదా?”

“లేదు.”

మాండాస్ అరచేత్తో బల్ల మీద ఒక్కటిచ్చాడు. కాఫీ కప్పు సాసర్లో గలగలమంది.

“అడగలేదట! పాత ప్రియురాల్ని సొంత పడవలో ఎక్కించుకుని, మనుషుల్లేని రేవులో దింపి, ఎక్కడికి పోతున్నావని కూడా అడగలేదట! ఈ కథ చెప్తే మా ఇంట్లో కుక్క కూడా నవ్వుతుంది.”

ఎదురుగా కూర్చున్న ఫానిస్ తలెత్తలేదు. పడవలు చేసే వడ్రంగి. నిన్న సాయంత్రం పని మధ్యలో లాక్కొచ్చారేమో, జుట్టులో చెక్కపొట్టు ఇంకా అలాగే ఉంది. రాత్రంతా లాకప్పులో కూర్చోబెట్టినా మాటలో మార్పు లేదు. గొంతు పెంచడు, తడబడడు, ఎదుటివాణ్ణి తిట్టడు. మాండాస్‌కి ఒళ్లు మండుతున్నది అందుకే.

గోడకి ఆనుకుని నిలబడ్డ ఇన్‌స్పెక్టర్ పోలిక్సేని చేతులు కట్టుకుని వింటోంది. మూడ్రోజుల కింద, మంగళవారం రాత్రి, మిర్తో అనే అమ్మాయి కనపడ్డం లేదని ఫిర్యాదొచ్చినప్పుడు కేసు ఆమె చేతిలోనే ఉంది. కాబోయే భర్త స్తాథిస్ టీవీ కెమెరాల ముందు మోకాళ్ల మీద పడి ఏడవడంతో ఊరంతా ఊగిపోయింది. దాంతో పై ఆఫీసు నుంచి మాండాస్ దిగాడు. ఇస్త్రీ నలగని కోటు, పళ్లన్నీ కనబడే నవ్వు, ఏ కేసైనా శుక్రవారానికల్లా తేల్చేస్తాడని పేరు. ఇవాళ శుక్రవారం.

“నాలుగేళ్ల కింద నిన్ను వదిలేసింది కదూ?” మాండాస్ మళ్లీ మొదలెట్టాడు.

“అవును సార్.”

“ఎందుకు?”

“ఇష్టం పోయిందంది.”

“మరి నువ్వేం చేశావు?”

“ఏడ్చాను. కొన్నాళ్లు తాగాను. తర్వాత ఓ పడవ పని ఒప్పుకున్నాను.”

“కోపం రాలేదూ?”

“వచ్చింది. ఆమెకి చూపించలేదు. ఇష్టం లేకపోవడం ఆమె తప్పు కాదుగా.”

మాండాస్ కుర్చీలో వెనక్కి వాలి పోలిక్సేని వైపు చూశాడు, ‘విన్నావా’ అన్నట్టు. “మంగళవారం మధ్యాహ్నం మిర్తో నీ వ్యాన్ ఎక్కింది. వీధి కెమెరాలో ఉంది. తర్వాత ఆమెని చూసినవాడు లేడు. ఆమె ఫోను నీ పడవ అడుగు చెక్కల కింద దొరికింది. ఇంకేం కావాలయ్యా జడ్జికి?”

“నేను వెతుక్కుంటూ వెళ్లలేదు సార్. ఆమే నా షెడ్డుకి కబురు పంపింది. ‘నన్ను అవతలి ఒడ్డున దింపుతావా?’ అని. దింపాను. ఎక్కడికని అడిగితే చెప్పేదేమో. చెప్తే నాకు తెలిసేది. నాకు తెలిస్తే ఎవడో ఒకడు నా నోట్లోంచి లాగేవాడు.” ఫానిస్ మొదటిసారి తలెత్తాడు. “మీరిప్పుడు చేస్తున్నది అదేగా.”

పోలిక్సేనికి నవ్వొచ్చింది. ఆపుకుంది.

“నాదొక ప్రశ్న,” అంది ముందుకొచ్చి. “ఫోను పడవలో ఎవరు పెట్టారు బాబూ?”

“ఆమే. ‘ఇది నీళ్ల మీద తిరుగుతూ ఉండనీ’ అంది. ఎందుకో చెప్పలేదు.”

“నువ్వు అడగలేదు.”

“అడగలేదు మేడమ్.”

బయట వరండాలో మాండాస్ సిగరెట్టు తీసి, వెలిగించకుండా వేళ్ల మధ్య తిప్పుతూ నిలబడ్డాడు.

“వాణ్ణి నమ్ముతున్నావా పోలిక్సేనీ? మగాణ్ణి, నాకు తెలుసు. ప్రేమించినవాడు అలా వదిలేసి రాడు.”

“ఎలా వస్తాడు మరి?”

“వెంటపడతాడు. కాళ్లు పట్టుకుంటాడు. ఆ స్తాథిస్‌ని చూడు, మూడ్రోజులుగా మెతుకు ముట్టలేదు. అదీ ప్రేమంటే. మీ ఆయన ఓడలో వంటవాడట కదా? ఆరేసి నెలలు సముద్రం మీదే. ఇవాళ ఏ రేవులో ఎవత్తెతో ఉన్నాడో నీకు తెలుసా?”

“తెలీదు.”

“బెంగ లేదూ?”

“బెంగ ఉంది. అనుమానం లేదు. మీకు ఆ రెండూ ఒకటే అయితే మీ ఆవిడ మీద నాకు జాలేస్తోంది.” మాండాస్ నోరు తెరిచేలోపే ఆమె అడిగేసింది. “ఫానిస్ పడవలో వెతకమని మీకు చెప్పిందెవరు?”

“స్తాథిస్.”

“పడవలో ఉందని అతనికెలా తెలుసు?”

మాండాస్ వేళ్ల మధ్య సిగరెట్టు ఆగింది. “ఊహించి ఉంటాడు.”

“ఇంట్లో వెతకండి అనలేదు, షెడ్డులో అనలేదు. సరిగ్గా పడవ అన్నాడు. నేనోసారి ఆ ఇల్లు చూసొస్తాను.”

“చూడు. సాయంత్రానికి నేను వీణ్ణి జడ్జి ముందు పెడుతున్నాను. తర్వాత నా మీద ఏడవకు.”

*

స్తాథిస్ తలుపు తీసిన తీరు చూస్తే ఎవరికైనా గుండె కరుగుతుంది. గడ్డం మాసింది. కళ్లు వాచాయి. పడవ ఇంజన్ల వ్యాపారం. ఊళ్లో మంచి పేరు. చేతిలో మిర్తో ఫోటో ఉన్న పోస్టర్ల కట్ట.

“దొరికిందా మేడమ్?”

“ఇంకా లేదు. ఇల్లు ఇంకోసారి చూడాలి.”

“మొత్తం చూడండి. మాకు దాచేదేం లేదు.”

ఇల్లు అద్దంలా ఉంది. గోడల నిండా మిర్తో. మిర్తో నవ్వుతూ, మిర్తో కేకు కోస్తూ, మిర్తో పడవ మీద. ప్రతి ఫోటోలో పక్కన స్తాథిస్, ఆమె భుజం మీద చెయ్యేసి. పోలిక్సేని ఒక్కొక్కటే చూసుకుంటూ నడిచింది. స్నేహితురాలంటూ ఒక్కరూ లేరు. తల్లి లేదు. రెండేళ్ల కిందటి దాకా మిర్తో పడవ పందేల జట్టులో ఉండేదని, ఎనిమిది మంది ఆడపిల్లలు కలిసి తెడ్లు వేసేవాళ్లని ఆమె విచారించి తెలుసుకుంది. ఆ తెడ్లలో రెండు ఇప్పుడు సోఫా పైన గోడకి వార్నిషు పూసుకుని అడ్డంగా వేలాడుతున్నాయి.

“పందేలకి వెళ్లడం మానేసిందా?”

“మానేశాం. పొద్దున్నే చలిలో అదంతా ఎందుకని. మాకు ఒకరికొకరం చాలనుకున్నాం.”

“మిర్తో కాఫీ ఎలా తాగుతుంది?”

“మేం పంచదార లేకుండా తాగుతాం.”

“ఆమె?”

“అదే... మేం.” స్తాథిస్ అయోమయంగా చూశాడు.

తలుపు పక్కన కొక్కేనికి ఓ తాళంచెవి వేలాడుతోంది. దాని పక్కన రెండో కొక్కెం లేదు, మేకు పడిన గుర్తు కూడా లేదు.

“మిర్తో తాళంచెవి?”

“ఆమెకెందుకు మేడమ్? బయటికి వెళ్తే నేను తీసుకెళ్తాను. ఇంటికొస్తే నేను తీస్తాను. ఆమెని ఒక్క తలుపు కూడా తొయ్యనివ్వలేదు నేను, అంత అపురూపంగా చూసుకున్నాను.”

“మరి మంగళవారం ఎలా బయటికెళ్లింది?”

“షాపు నుంచి ఫోనొస్తే కంగారుగా వెళ్లాను. తాళం వెయ్యడం మర్చిపోయాను.” ఆ మాట అన్నాక అతని మొహం ఒక్క క్షణం బిగిసింది. “ఆ ఒక్కరోజే.”

అన్న మాటలో తప్పేముందో అతనికి తట్టలేదు. పోలిక్సేని ఆ ఒంటి కొక్కెం వైపు ఇంకోసారి చూసింది.

“ఫోను ఫానిస్ పడవలో ఉందని మీకెలా తెలిసింది?”

“ఆమె ఎక్కడున్నా నా ఫోనులో కనబడుతుంది కదా. చుక్క నీళ్ల మీద కదులుతోంది. ఆ వడ్రంగి వెధవే అనుకున్నాను.”

“మీరెక్కడున్నారో ఆమెకి కనబడుతుందా?”

“నాది వ్యాపారం మేడమ్. పది చోట్ల తిరుగుతాను. అదంతా ఆమెకెందుకు?”

పోలిక్సేని పడగ్గదిలోకి నడిచి బీరువా తెరిచింది. పట్టు గౌన్లు, కోట్లు, పెట్టెల్లో బూట్లు, ఇంకా ధర చీటీలు తియ్యనివి కొన్ని.

“ఏమైనా పట్టుకెళ్లిందా?”

“ఒక్కటీ లేదు. నేను కొన్నవన్నీ ఇక్కడే ఉన్నాయి, మీరే చూడండి. కట్టుబట్టలతో లాక్కుపోయాడు మేడమ్ వాడు!”

“మీరు కొననివి?”

“అంటే?”

“ఇక్కడికి రాకముందు ఆమెకంటూ కొన్ని వస్తువులు ఉండి ఉంటాయి కదా. అవెక్కడున్నాయి?”

స్తాథిస్‌కి ప్రశ్నే అర్థం కాలేదు. ఆమె వంగి చూసింది. బీరువా అడుగు అర అంతా సన్నటి దుమ్ము. దుమ్ములో మూడు చోట్ల శుభ్రమైన మచ్చలు. ఒకటి చెప్పుల జత ఆకారం. ఒకటి మడత పెట్టిన బట్టల ఆకారం. మూడోది గుండ్రంగా ఉంది, ఏదో డబ్బాదో మరి. ఈ ఇంట్లో అపురూపమైనవన్నీ వదిలేసి, ఎవరూ లెక్కలోకి తీసుకోనివి మాత్రం తీసుకుని వెళ్లిందా పిల్ల. లాక్కుపోతే ఆ చెప్పులు కదిలేవి కావు.

కానీ వీధి కెమెరాలో ఆమె చేతులు ఖాళీగా ఉన్నాయి. మరి ఆ వస్తువులు ఏ దారిన వెళ్లినట్టు?

పోలిక్సేని బాల్కనీలోకి వచ్చింది. బట్టలు ఆరేసే తాడు. కింద సరిగ్గా అదే వరసలో రెండో అంతస్తు బాల్కనీ, తులసిలాంటి ఆకుల వాసన వేసే కుండీలు, ఓ నులక కుర్చీ. కుర్చీలో కూర్చున్న ముసలావిడ బీన్స్ ఒలుస్తూ తలెత్తి చూసి, చటుక్కున తల దించేసుకుంది.

“గాలి ఎక్కువ కదా ఇక్కడ?” అంది పోలిక్సేని స్తాథిస్‌తో.

“అవును. ఈ మధ్య రోజూ ఏదో ఒక గుడ్డ కిందికి పడేది. ఎంత చెప్పినా మిర్తో క్లిప్పులు సరిగ్గా పెట్టేది కాదు.”

*

ముసలావిడ పేరు ఎవ్‌తెర్పి. తలుపు సగమే తీసింది.

“నాకేం తెలీదు. మా ఆయనకీ తెలీదు. ఆయన చేపలకెళ్లాడు.”

“నేనింకా ఏమీ అడగలేదు బామ్మగారూ.”

“అడుగుతావుగా. అందుకే ముందే చెప్తున్నా.”

పోలిక్సేని నవ్వి, అనుమతి అడగకుండానే చెప్పులు తుడుచుకుని లోపలికొచ్చింది. బామ్మగారు బాల్కనీలోకే నడిచి బీన్స్ గిన్నె ఒళ్లో పెట్టుకుంది, పని చేతిలో ఉంటే అబద్ధం తేలికని కాబోలు. పోలిక్సేని పక్కన పీట లాక్కుని కూర్చుని తనూ ఒలవడం మొదలెట్టింది.

“ఆమెని వెనక్కి పట్టుకురావడానికి రాలేదు నేను. మైనారిటీ తీరిన పిల్ల, ఎక్కడికి కావాలంటే అక్కడికి వెళ్తుంది. కానీ ఆమెని దింపిన పాపానికి ఒకతను రాత్రి నుంచి లాకప్పులో ఉన్నాడు. సాయంత్రం జడ్జి ముందు నిలబెడతారు.”

ముసలావిడ వేళ్లు ఆగిపోయాయి. “ఆ పడవల అబ్బాయా?”

“అతనే.”

“అయ్యో, వాడెంత మంచివాడు! గుమ్మం దాకా వచ్చి కూడా ‘మిర్తో వస్తానందా’ అని నన్ను రెండుసార్లు అడిగి మరీ వ్యాన్ తలుపు తీశాడు.” ఆవిడ బీన్స్ గిన్నె పక్కన పెట్టేసింది. “నేనేం దొంగతనం చెయ్యలేదమ్మా. తాడు మీంచి పడ్డవి ఏరిపెట్టాను. ఒకరోజు చెప్పులు పడ్డాయి. చెప్పులు ఎవరు ఆరేస్తారు? తలెత్తి చూస్తే ఆ పిల్ల పైనుంచి నన్నే చూస్తోంది. నోటి మీద వేలు పెట్టుకుంది. అంతే. తర్వాత ఏం పడినా నేనడగలేదు. మంగళవారం పడవల షెడ్డుకి ఇమ్మని చీటీ పడితే మా ఆయనతో పంపాను.”

“మీకు భయమెయ్యలేదా?”

“వేసింది. కానీ మా జఫీరిస్‌తో యాభై ఏళ్లుగా కాపరం చేస్తున్నా. ఆయన పొద్దున చేపలకెళ్తాడు, నేను పేకాటకెళ్తాను. సాయంత్రం ఇద్దరం ఒకే బల్ల దగ్గర కూర్చుని ఎవరి అబద్ధాలు వాళ్లం చెప్పుకుంటాం. ఎందుకు ఆలస్యమైందని ఒకళ్లనొకళ్లం తిట్టుకుంటాం కూడా. కానీ వచ్చేది ఇంటికి కదమ్మా, హాజరు వేయించుకోడానికి కాదు. పైన ఆ పిల్ల...” ఆవిడ తల అడ్డంగా ఊపింది. “నవ్వు వినపడ్డం మానేసి ఎన్నాళ్లయిందో. అందుకే మిలీనా నుంచి మా ఆయన పడవలో, దాచిన ఆ బట్టలతో సహా, మా చెల్లెలు ఉరానియా దగ్గరికి పంపాను. త్రికేరి దీవిలో రేవు పక్కనే హోటలు దానిది. అది ఎవరినీ ఏమీ అడగదు, ముందు తిండి పెడుతుంది.”

పైన ఏదో చప్పుడైంది. తడిపిన కుండీలోంచి కాబోలు, రెండు నీటిచుక్కలు పోలిక్సేని చేతి మీద పడ్డాయి. ఆమె తలెత్తింది. పై బాల్కనీ కమ్మీల మధ్య నుంచి రెండు వేళ్లు వెనక్కి పోవడం కనబడింది.

మరుక్షణం మెట్ల మీద దబదబమని అడుగులు.

పోలిక్సేని పరిగెత్తింది. ఆమె వీధిలోకొచ్చేసరికి స్తాథిస్ కారు మూల తిరిగిపోయింది, రేవు వైపు. బాల్కనీ తలుపు మూసి మాట్లాడాలన్న బుద్ధి తనకి లేకపోయింది. తిట్టుకోడానికి తర్వాత తీరికుంటుంది. ఫోను తీసింది.

“మాండాస్, కోస్ట్‌గార్డ్ పడవ కావాలి. ఇప్పుడే.”

“దేనికి?”

“మిర్తో బతికే ఉంది. త్రికేరి దీవిలో. స్తాథిస్‌కి తెలిసిపోయింది, వెళ్తున్నాడు.”

“మంచిదేగా! కాబోయే పెళ్లాం దొరికింది, పరిగెత్తాడు. అది నేరమా?”

“ఆమె కోసం మూడ్రోజులు టీవీల్లో ఏడ్చినవాడు, బతికుందని తెలిశాక ముందు ఎవరికి ఫోన్ చెయ్యాలి? మీకు చేశాడా?”

అవతల కుర్చీ కిర్రుమంది.

“చేశాడా మాండాస్?”

“లేదు,” అన్నాడతను చివరికి. గొంతులో వెటకారం పోయింది. “రేవు గట్టు మీద ఉండు. వస్తున్నా.”

అప్పటికే ఎవ్‌తెర్పి తన ఫోను చేత్తో పట్టుకుని, ఇంటి చెప్పులతోనే మెట్లు దిగొచ్చేసింది. “లైన్లో ఉంది. మాట్లాడు.”

“మిర్తో, నేను ఇన్‌స్పెక్టర్ పోలిక్సేని. స్తాథిస్ అక్కడికి వస్తున్నాడు. మేమూ వస్తున్నాం. ఇంట్లోకెళ్లి గడియ పెట్టుకో.”

అవతలినుంచి సన్నటి గొంతు, తేటగా.

“రెండేళ్లు తలుపులేసుకునే ఉన్నాను మేడమ్. ఇక్కడ హోటల్ ముందు బల్లలన్నీ నిండి ఉన్నాయి. అందరూ భోజనాలు చేస్తున్నారు. నేను వాళ్ల మధ్యే కూర్చుంటాను.”

*

కోస్ట్‌గార్డ్ పడవ దీవి చేరేసరికి స్తాథిస్ మోటారు బోటు గట్టుకి అడ్డదిడ్డంగా కట్టేసి ఉంది. హోటల్ ముందు మల్బరీ చెట్టు నీడలో బల్లలు. ఎవరూ తినడం లేదు. మధ్యలో మిర్తో నిలబడి ఉంది, వెలిసిపోయిన నీలం జట్టు చొక్కా, పాత తోలు చెప్పులు. ఆమె ముందు స్తాథిస్ మోకాళ్ల మీద.

“ఏం జరిగినా మాఫీ చేశాను బంగారం. ఇంటికి పద. నువ్వు లేకపోతే నేను చచ్చిపోతాను.”

“చావొద్దు స్తాథిస్. నువ్వు బతుకు. నన్నూ బతకనివ్వు.”

“నీకేం తక్కువ చేశాను? నువ్వెక్కడున్నా కనిపెట్టుకునే ఉన్నానే!”

“నేనెక్కడున్నానో నీకు ఎప్పుడూ తెలుసు. ఎలా ఉన్నానో ఒక్కరోజైనా అడిగావా?” మిర్తో వెనక్కి అడుగు వెయ్యలేదు. “మొదట్లో నాకూ ముద్దుగానే ఉండేది, నా కోసం ఇంత తపించేవాడు ఇంకొకడు ఉంటాడా అని. స్నేహితుల్ని మానెయ్యమన్నావు, మానేశాను. తెడ్డు వదిలెయ్యమన్నావు, వదిలేశాను. అమ్మకి ఫోన్ చేస్తే పక్కన కూర్చుని వినేవాడివి. ఓరోజు కిటికీ దగ్గర నిలబడి ఉంటే ‘ఏం ఆలోచిస్తున్నావు?’ అన్నావు. ‘ఏం లేదు’ అన్నాను. ఆ రాత్రంతా నిద్రపోనివ్వలేదు, ఆలోచన చెప్పేదాకా. ఇంక నాకంటూ మిగిలిందేముందని ఆ రోజే అనిపించింది.”

“అదంతా ప్రేమ!”

“నేను రాను.”

ఆ రెండు ముక్కలు చాలా మెల్లిగా అంది. స్తాథిస్ మొహంలో ఏడుపు ఎవరో గుడ్డతో తుడిచేసినట్టు పోయింది. లేచి ఆమె మణికట్టు పట్టుకుని గట్టు వైపు లాగాడు. ఒక్కసారిగా కుర్చీలు కదిలాయి. జాలర్లు నలుగురు లేచి దారికి అడ్డంగా నిలబడ్డారు. తెల్ల కొప్పు, చేతిలో గరిటె ఉన్న ముసలావిడ, ఉరానియా కాబోలు, మిర్తో నడుం చుట్టూ చెయ్యేసి కదలనివ్వలేదు. అందరికంటే ముందు అతన్ని చేరింది మాండాస్. కోటు నలిగేలా చెయ్యి వెనక్కి విరిచి పట్టుకున్నాడు.

“రానంది, వినపళ్లేదూ?”

“నాది సార్ ఆమె! మీరే అన్నారుగా, నా బాధ మీకు తెలుసని!”

“అన్నాను,” అన్నాడు మాండాస్. “బుద్ధి తక్కువై అన్నాను.” సంకెళ్లు వేస్తున్నప్పుడు పోలిక్సేని కళ్లలోకి చూడలేదు. తర్వాత జేబులోంచి ఫోను తీసి స్టేషన్‌కి చెప్పాడు. “ఆ వడ్రంగిని వదిలెయ్యండి. ముందు వాడికి అన్నం పెట్టించండి. తప్పు నాదని చెప్పండి.”

పోలిక్సేని స్తాథిస్ బోటులోకి దిగింది. కింద ఓ చిన్న గది. గది తలుపుకి గడియ ఉంది, అదీ బయటివైపు. ఇత్తడి మెరుపు పోయింది, నిన్నో మొన్నో బిగించింది కాదు. లోపల ఇరుకు మంచం, పైన గాలి కోసం ఓ చిన్న కిటికీ, మేకుకి రెండు ఆడవాళ్ల గౌన్లు, మంచం కింద ఓ జత చెప్పులు.

“మిర్తో, ఒకసారి వస్తావా? భయమైతే వద్దు.”

ఆమె వచ్చింది. గుమ్మం దగ్గరే ఆగి చెప్పుల వైపు చూసి తలూపింది. “నావి కావు. నా పాదం వీటిలో పట్టదు. నన్నెప్పుడూ ఈ గదిలోకి రానివ్వలేదు, సామాన్లున్నాయనేవాడు.”

పోలిక్సేని తలెత్తి కిటికీ చట్రం తడిమి చూసింది. ఓ పక్క చెక్క కొత్తది. దాని చుట్టూ పాత చెక్క చీలికలన్నీ బయటికే తిరిగి ఉన్నాయి. లోపలినుంచి ఎవరో బద్దలు కొట్టారు. ఒక్క సన్నటి మనిషి కష్టం మీద పట్టే సందు.

చెప్పులు పట్టుకుని గట్టు మీదకొచ్చి స్తాథిస్ ముందు పెట్టింది. “ఎవరివి?”

ఉదయం నుంచి ప్రతిదానికీ జవాబున్నవాడు మొహం నీళ్లకేసి తిప్పుకున్నాడు.

“అది పోయింది. నీళ్లలో దూకి పోయింది. నేనేం చెయ్యలేదు.”

మాండాస్ తిట్టు ఒకటి నోట్లోనే మింగాడు. హోటల్ ముందు అందరూ కొయ్యబారిపోయారు, ఉరానియా తప్ప. ఆవిడ గరిటె పక్కనున్నవాడి చేతికిచ్చి, ముందుకొచ్చి, వంగి ఆ చెప్పుల్ని తిప్పి తిప్పి చూసింది.

“పోలేదు,” అంది.

“ఏంటి బామ్మా?”

“పోయిన వేసవి చివర్లో పొద్దున్నే వలలు ఎండేస్తుంటే ఓ పిల్ల ఈదుకుంటూ ఈ రాళ్ల మీదకి ఎక్కింది. ఒళ్లంతా గీరుకుపోయింది, కాళ్లకి చెప్పుల్లేవు. పదేళ్ల పిల్లంత పాదాలు. ఎవరివని నేనడగలేదు, చెప్పేలా లేదు. పులుసు పెట్టాను, పడుకోబెట్టాను. నా మేజోళ్లు తొడిగి పడవెక్కించాను.” ఆవిడ జేబులో వెతుక్కుని, పగిలిన అద్దం ఫోను తీసింది. “కొత్త సంవత్సరానికి ఫోన్ చేసింది. బడిలో పని దొరికింది అవ్వా అని. అప్పుడే నవ్వడం విన్నాను దాన్ని.”

స్తాథిస్ తల గబుక్కున ఆవిడ వైపు తిరిగింది. మాండాస్ అతన్ని భుజం పట్టి అటు తిప్పేశాడు, ఆ ఫోను కనపడకుండా.

“చెయ్యండి బామ్మా,” అంది పోలిక్సేని. “ఇష్టమైతేనే మాట్లాడమనండి.”

ఉరానియా రెండు ముక్కలు చెప్పి, విని, ఫోను మిర్తోకి అందించింది. మిర్తో దాన్ని రెండు చేతుల్తో పట్టుకుంది.

“మీకు నేను తెలీదు,” అంది. “నా పేరు మిర్తో. నేను... ఆయన దగ్గర్నుంచి వచ్చేశాను. మిమ్మల్ని ఉంచిన గది ఇప్పుడే చూశాను.”

అవతలినుంచి ఓ ఆడగొంతు, పోలిక్సేనికి కూడా వినపడేంత స్పష్టంగా:

“ఒక్కదానివే ఉన్నావా అక్కడ?”

మిర్తో చుట్టూ చూసింది. జాలర్లు ఇంకా దారికి అడ్డంగానే నిలబడి ఉన్నారు. ఎవరో ఆమె కోసం కుర్చీ లాగారు. ఉరానియా గరిటె మళ్లీ అందుకుని, ఒక చెయ్యి ఆమె వీపు మీదే ఉంచింది.

“లేను,” అంది మిర్తో. “చాలామందిమి ఉన్నాం. మీరూ వస్తారా? ఇద్దరం కలిసి జడ్జికి చెప్దాం.”

“ఏ పడవకి రమ్మంటావు?” అంది ఆ గొంతు.